ఒక్క లారీ, నేరుగా పార్టీ: బ్రోకర్ లేకుండా కిరాయి దొరకాలంటే

దేశంలో సరుకు రవాణాలో ఎక్కువ భాగం రోడ్డు మీదే సాగుతోంది. ఆ సరుకు మోసే లారీల్లో అత్యధికం పెద్ద కంపెనీలవి కావు. అయిదుకు మించి బండ్లు లేని చిన్న యజమానులవి. వారిలో ఒకే ఒక్క లారీ ఉన్నవారు, దాన్ని తామే నడుపుకొనేవారు చాలామంది. సరుకు పంపే ఫ్యాక్టరీకి, ఈ లారీకి మధ్య కనీసం ఒకరు, తరచూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. కాంట్రాక్టు తీసుకున్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ, దానికి బండ్లు కుదిర్చే సప్లయర్, స్టాండులో లోడు చూపించే బ్రోకర్. ఫ్యాక్టరీ ఇచ్చే కిరాయి ఒకటి, లారీ చేతికొచ్చేది మరొకటి.

అందుకే నేరుగా పార్టీ దొరికితే చాలు, కష్టాలు తీరుతాయని చాలామంది ఓనర్లు అనుకుంటారు. అందులో నిజం ఉంది. కానీ బ్రోకర్‌ను పక్కన పెట్టినంత మాత్రాన ఆయన చేసే పనులు మాయం కావు. అవి లారీ ఓనర్ నెత్తిన పడతాయి. వాటిలో ఏవి మోయగలడు, ఏవి మోయలేడు అన్నది ముందే తేల్చుకున్నవాడికే నేరుగా పార్టీ లాభం.

బ్రోకర్ అసలు ఏం చేస్తాడు?

బ్రోకర్ పని లోడు చూపించి కమీషన్ తీసుకోవడమేనని పైకి కనిపిస్తుంది. నిజానికి అందులో మూడు పనులు కలిసి ఉంటాయి.

మొదటిది అప్పు. స్టాండు మార్కెట్‌లో లోడు ఎక్కిన రోజే కిరాయిలో ఎక్కువ భాగం అడ్వాన్సుగా చేతికొస్తుంది. డెలివరీ రసీదు ఇచ్చాక మిగతాది. ఫ్యాక్టరీలు మాత్రం ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి నెలా, నెలన్నర తర్వాత డబ్బిస్తాయి. ఈ మధ్య కాలానికి పెట్టుబడి పెడుతున్నది మధ్యవర్తే.

రెండోది బదులు బండి. ఒక లారీ గేర్‌బాక్స్ పోయి దారిలో ఆగితే ఫ్యాక్టరీకి ఆ సంగతే తెలియదు, బ్రోకర్ ఇంకో లారీ పంపుతాడు. ఒక్క లారీ ఓనర్ దగ్గర ఆ ‘ఇంకో లారీ’ ఉండదు.

మూడోది బాధ్యత. సరుకు తగ్గినా, తడిసినా, కాగితాల్లో తప్పు దొర్లినా ఫ్యాక్టరీ నిలదీసేది ట్రాన్స్‌పోర్ట్ కంపెనీని. నేరుగా మాట్లాడుకున్నాక ఆ ప్రశ్న ఓనర్‌కే వస్తుంది.

లెక్క ఎలా వేయాలి?

కిరాయి రేటు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే మోసపోతాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ అంకెలు పద్ధతి చూపడానికే, ఎవరి దారి అంకెలు వారు వేసుకోవాలి.

రానుపోను ఒక ట్రిప్పుకు బ్రోకర్ ద్వారా రూ.60,000 వస్తుందనుకుందాం. నేరుగా పార్టీ రూ.66,000 ఇస్తుంది. డీజిల్, టోల్, బత్తా, దారి ఖర్చులు కలిపి రూ.42,000. నెలకు 4 ట్రిప్పులు. బ్రోకర్ దారిలో ఖర్చులు పోను నెలకు రూ.72,000 మిగులుతుంది. నేరుగా అయితే రూ.96,000. తేడా రూ.24,000.

ఇప్పుడు పార్టీ 45 రోజులకు బిల్లు చెల్లిస్తుందనుకుందాం. మొదటి డబ్బు చేతికొచ్చేలోగా లారీ 6 ట్రిప్పులు తిరుగుతుంది. దాని ఖర్చు రూ.2,52,000. ఈలోగా ఫైనాన్సు వాయిదాలు రెండు, ఒక్కోటి రూ.50,000 అనుకుంటే మరో లక్ష. అంటే సుమారు రూ.3.5 లక్షల పెట్టుబడి చేతిలో ఉండాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా నెలకు రూ.7,000. అది తీసేసినా బ్రోకర్ దారి కంటే రూ.17,000 మెరుగే. వడ్డీ మనిషిని ముంచదు. ఆ పెట్టుబడి సమకూర్చుకోకుండా దిగితేనే ముంచుతుంది. వాయిదా తప్పుతుంది, బండి ఫైనాన్సర్ చేతికి వెళ్తుంది.

అసలు దెబ్బ మరోచోట ఉంది. పార్టీ గేటు ముందు లోడింగ్ కోసం రెండు రోజులు, అన్‌లోడింగ్‌కు మరో రోజు నిలబెడితే నెలకు 4 ట్రిప్పులు కాస్తా 3 అవుతాయి. అప్పుడు మిగిలేది రూ.72,000. అందులోంచి వడ్డీ పోతే బ్రోకర్ దారిలో వచ్చినంత కూడా రాదు. ట్రిప్పుకు రూ.6,000 ఎక్కువిచ్చిన పార్టీ నెల తిరిగేసరికి నష్టం చేసినట్టు లెక్క తేలుతుంది.

కాబట్టి పార్టీని తూచాల్సింది రేటుతో కాదు, రోజులతో. ఎన్ని రోజుల్లో లోడు చేస్తారు, ఎన్ని గంటల్లో దించుకుంటారు, ఎన్నాళ్లకు డబ్బిస్తారు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు వచ్చాకే రేటు మాట.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

పెద్ద సిమెంట్, ఉక్కు, వినియోగ వస్తువుల కంపెనీలు ఒక్క లారీ ఓనర్‌తో నేరుగా ఒప్పందం చేసుకోవడం అరుదు. వాటికి రోజూ పదులకొద్దీ బండ్లు కావాలి. ఏడాది టెండరు, సొంత బండ్ల సంఖ్య, బ్యాంకు గ్యారంటీ అడుగుతాయి. అక్కడ తిరిగి కాలం పోగొట్టుకోవడం కంటే, వారానికి ఒకటి రెండు లారీల సరుకు మాత్రమే పంపే చిన్న వ్యాపారిని వెతకడం మేలు. ఆయన ఆ ప్రాంగణంలోనే కూర్చుంటాడు, నిర్ణయం తానే తీసుకుంటాడు, తెలిసిన డ్రైవర్, తెలిసిన బండి కావాలని కోరుకుంటాడు.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి చిన్న పార్టీలు గుంపుగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. కడియం నర్సరీల నుంచి మొక్కలు దూర రాష్ట్రాలకు వెళ్తాయి. బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ల యూనిట్లు, మిర్యాలగూడ రైస్ మిల్లులు, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు, మదనపల్లె టమాటా మండీలు, తణుకు వైపు కోళ్ల ఫారాలు, భీమవరం, ఆకివీడు చేపల వ్యాపారులు. సరుకును బట్టి బండికి కావాల్సిన గుణం మారుతుంది. మొక్కలకు, టమాటాకు, చేపలకు సమయానికి చేరడమే ప్రాణం. గంటలు తప్పకుండా చేరే డ్రైవర్‌ను ఆ వ్యాపారులు సులభంగా వదులుకోరు. నాపరాయికి తొందర లేదు, కానీ బరువు ఎక్కువ, పగిలే భయం ఎక్కువ.

తన బండికి సరిపోయే ఒక సరుకు, ఒక దారి ఎంచుకుని అక్కడే నిలబడటం మంచిది. అన్ని ఊళ్లకూ, అన్ని సరుకులకూ సిద్ధమనే బండికి ఏ పార్టీ దగ్గరా ప్రత్యేకత ఉండదు. ‘వారానికోసారి ఈ ఊరు నుంచి ఆ ఊరికి నా బండి కచ్చితంగా వెళ్తుంది’ అని చెప్పగలిగినవాడికి ఉంటుంది.

ముందు తిరుగు ప్రయాణం చూసుకోవాలి

సొంత ఊళ్లో లోడు ఎలాగోలా దొరుకుతుంది. బండి ఖాళీగా తిరిగొచ్చేది అవతలి ఊరి నుంచే. అందువల్ల నేరుగా పార్టీ వేట అవతలి చివర నుంచి మొదలుపెట్టడం లాభదాయకం. సరుకు దించే ఊళ్లో మన వైపు సరుకు పంపేవారు ఎవరు? సొంత ఊరి హోల్‌సేల్ దుకాణాల్లో అమ్ముడుపోతున్న సరుకు సంచుల మీద, పెట్టెల మీద ఏ ఊరి పేరుంది? ఊళ్లో కొనుగోలుదారుతో ముందు మాట్లాడితే, ‘నా సరుకు ఈ బండిలో వేయండి’ అని ఆయనే అవతలి వ్యాపారికి ఫోన్ చేసి చెబుతాడు. చాలా సరుకుల్లో కిరాయి భరించేది కొనేవాడే కాబట్టి ఆ మాటకు విలువ ఉంటుంది.

బ్రోకర్ ఇచ్చిన లోడులోని పార్టీ నంబరు తీసుకుని మర్నాడే ఆ పార్టీని తన్నుకుపోవాలని చూడటం మాత్రం చేటు. స్టాండులో ఆ మాట రెండు రోజుల్లో పాకుతుంది, తర్వాత అవసరానికి లోడు పుట్టదు. కొత్త పార్టీని కొత్తగానే వెతుక్కోవాలి.

మొబైల్ యాప్‌లు లోడు వెతుకులాటను తేలిక చేశాయి. అయితే వాటిలో లోడు పెట్టేవారిలో చాలామంది మళ్లీ బ్రోకర్లే. ఖాళీగా రావాల్సిన రోజు అక్కరకొస్తాయి గానీ, నిలకడైన పార్టీని ఇవ్వాలన్న హామీ లేదు.

ఇంకో అడ్డంకి స్థానిక యూనియన్లు. చాలా ఊళ్లలో, ముఖ్యంగా ఫ్యాక్టరీల దగ్గర, స్థానిక లారీలకే సీరియల్ ప్రకారం లోడు ఇవ్వాలన్న పట్టు ఉంది. పంజాబ్ ప్రభుత్వం 2017లో ఇలాంటి గుత్తాధిపత్యాన్ని నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. చట్టం ఏం చెప్పినా గేటు దగ్గర గొడవపడి గెలిచే శక్తి ఒక్క లారీకి ఉండదు. ఆ ఊరి పద్ధతి ముందే కనుక్కుని, అవసరమైతే యూనియన్‌తో మాట్లాడుకున్నాకే బండి పంపాలి.

మాట్లాడుకోవాల్సినవి

పార్టీ దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక్క కాగితం మీద బండి వివరాలు ఉండాలి. బాడీ పొడవు అడుగుల్లో, ఎన్ని టన్నులు, ఓపెనా కంటైనరా, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు. వెళ్లేముందు పార్టీ సంగతి కూడా కనుక్కోవచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో పార్టీ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ నడుస్తోందా, రిటర్నులు వేళకు దాఖలవుతున్నాయా అన్నది ఎవరికైనా కనిపిస్తుంది. నెలల తరబడి రిటర్నులు వేయని వ్యాపారి కిరాయి వేళకు ఇస్తాడని నమ్మడం కష్టం.

కుదిరిన మాటలు కాగితం మీదకు రావాలి. కనీసం వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. టన్నుకా, ట్రిప్పుకా రేటు, డీజిల్ ధర ఎంత మారితే రేటు మారుతుంది, హమాలీ ఎవరిది, ఎన్ని గంటలు దాటితే హాల్టింగ్, రోజుకు ఎంత, తరుగు ఎంత వరకు అనుమతి, డబ్బు ఎన్ని రోజులకు. పార్టీ రేటు పెంచనంటే, లోడింగ్ రోజున డీజిల్ ఖర్చుకు సరిపడా అడ్వాన్సు అడగాలి. పెట్టుబడి బరువు సగానికిపైగా తగ్గుతుంది కాబట్టి చిన్న ఓనర్‌కు అది రేటు పెంపు కంటే ఎక్కువ మేలు.

కిరాయి ‘టూ పే’ అయితే, అంటే సరుకు అందుకున్నవారు చెల్లించాలంటే, ఒక మాట తప్పక రాయించుకోవాలి. అవతలివారు చెల్లించకపోతే పంపినవారే బాధ్యులు. లేకపోతే ధర పడిపోయిన సరుకుతో దూరపు మార్కెట్‌లో బండి చిక్కుకుంటుంది.

బరువు విషయంలో మొహమాటం పనికిరాదు. 2018 జులైలో కేంద్రం పెంచిన పరిమితి ప్రకారం మూడు యాక్సిళ్ల 10 టైర్ల లారీ మొత్తం బరువు 28.5 టన్నులు దాటకూడదు. అంతకు ముందు అది 25 టన్నులు. అధిక లోడుకు జరిమానా రూ.20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ.2,000. ‘మిగతావాళ్లు వేస్తున్నారు కదా’ అనే పార్టీ జరిమానా రోజున పక్కన నిలబడదు.

కాగితాలు: ఏది ఎవరి పని

జీఎస్టీలో లారీ ఓనర్‌కు, రవాణా ఏజెన్సీకి తేడా ఉంది. లారీ రసీదు, అంటే ఎల్‌ఆర్ లేదా బిల్టీ, జారీ చేసేవారిని రవాణా ఏజెన్సీగా చూస్తారు. అది జారీ చేయకుండా కేవలం కిరాయికి సరుకు తీసుకెళ్లే ఓనర్ సేవకు పన్ను లేదు. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి లారీ అద్దెకిచ్చినా లేదు. అయితే కాస్త పెద్ద పార్టీలు ఎల్‌ఆర్ అడుగుతాయి. అది ఇచ్చాక ఏజెన్సీ నిబంధనలు వర్తిస్తాయి. రివర్స్ చార్జ్ పద్ధతిలో 5 శాతం పన్నును కంపెనీలు, రిజిస్టరైన వ్యాపారులే నేరుగా ప్రభుత్వానికి కడతారు. చేసే సేవంతా ఈ పద్ధతి కిందే ఉంటే ఓనర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. వ్యవసాయోత్పత్తులు, పాలు, బియ్యం, పప్పుల రవాణాకు ఏజెన్సీ అయినా పన్ను లేదు.

ఎవరి సరుకైనా తేడా లేకుండా కిరాయికి తీసుకెళ్లే వ్యాపారం చేసేవారు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ కావాలి. ఎల్‌ఆర్ పుస్తకం అచ్చు వేయించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఈ సంగతి తేల్చుకోవాలి.

సరుకు విలువ రూ.50,000 దాటితే సాధారణంగా ఈ-వే బిల్లు ఉండాలి. దాని గడువు 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. అంటే 1,000 కిలోమీటర్ల దారికి 5 రోజులు. బండి ఆగిపోతే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి, తీరిన 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. బిల్లు తయారు చేసేది పార్టీయే అయినా, తేడా వస్తే రోడ్డు మీద ఆగేది లారీ. బయలుదేరే ముందు బండి నంబరు, ఇన్‌వాయిస్ నంబరు సరిచూసుకోవాలి. సరుకు పట్టుబడి యజమాని ముందుకు రాకపోతే, విధించిన జరిమానా లేదా లక్ష రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టి ఓనర్ తన లారీని విడిపించుకునే వీలు చట్టంలో ఉంది.

ఆదాయ పన్ను వైపు ఒక వెసులుబాటు ఉంది. ఏడాదిలో ఎప్పుడూ 10కి మించి లారీలు లేవని పాన్ నంబరుతో ప్రకటన రాసిస్తే కంపెనీ కిరాయిలో టీడీఎస్ కోయనక్కర్లేదు. మొదటి బిల్లుతోనే ఈ కాగితం ఇవ్వాలి.

డబ్బు రాకపోతే

ఇక్కడే ఒక్క లారీ ఓనర్‌కు చాలామంది వాడుకోని రక్షణ ఉంది. రవాణా సేవే కాబట్టి ఓనర్ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా రిజిస్టర్ కావచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఇలాంటి సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఎంత రాసుకున్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఫిర్యాదు రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో చేయవచ్చు.

ఫిర్యాదు దాకా వెళ్లకుండానే పనిచేసే అస్త్రం ఇంకొకటి ఉంది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈ గడువు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని అసలు చెల్లించేదాకా వ్యాపారి తన ఆదాయ పన్ను లెక్కలో ఖర్చుగా చూపలేడు. ఆడిటర్ ఉన్న ప్రతి కంపెనీకీ ఇది తెలుసు. అందుకే ప్రతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయాలి. రిజిస్ట్రేషన్ మొదటి ట్రిప్పుకు ముందే పూర్తి చేసుకోవాలి. బాకీ పడ్డాక తీసుకున్న నంబరు పాత బాకీకి అక్కరకు రాకపోవచ్చు.

సరుకు పాడైతే

లారీ ఇన్సూరెన్స్ లారీకే, లోపలి సరుకుకు కాదు. సరుకుకు పార్టీ ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకుందా అని అడగాలి. తీసుకున్నా పూర్తిగా నిశ్చింత కాదు. పార్టీకి పరిహారం ఇచ్చిన బీమా కంపెనీ ఆ డబ్బు కోసం రవాణాదారు మీదకు రావచ్చు. కామన్ క్యారియర్ మీద వేసిన దావాలో నిర్లక్ష్యం జరిగిందని అవతలివారు రుజువు చేయనక్కర్లేదు. అదే చట్టం కింది నిబంధనలు ఓనర్‌కు ఒక రక్షణ కూడా ఇచ్చాయి. పార్టీ అధిక రిస్కు రేటు ఒప్పుకుని చెల్లించకపోతే, బాధ్యత మామూలుగా కిరాయికి 10 రెట్లకు పరిమితం. పార్టీ రాసిచ్చే సరుకు వివరాల పత్రం, ఓనర్ ఇచ్చే రసీదు సక్రమంగా ఉంటేనే ఈ వాదన నిలుస్తుంది. ఖరీదైన సరుకు తరచూ ఎక్కించేవారు రవాణాదారు బాధ్యత పాలసీ ధర కనుక్కోవాలి.

ఒకే పార్టీ ప్రమాదం

మంచి పార్టీ దొరికాక బండిని పూర్తిగా వారికే అంకితం చేయాలనిపిస్తుంది. హిమాచల్ ప్రదేశ్ అనుభవం ఇక్కడ గుర్తుంచుకోవాలి. కిరాయి రేట్ల వివాదంతో అదానీ గ్రూపు 2022 డిసెంబరు 15న బర్మాణా, దార్లాఘాట్ సిమెంట్ ప్లాంట్లను మూసేసింది. ఆ ప్లాంట్ల మీదే ఆధారపడిన వేల లారీలు రెండు నెలలకు పైగా నిలిచిపోయాయి. 2023 ఫిబ్రవరి 20న కుదిరిన రాజీలో టన్ను కిలోమీటరుకు చిన్న లారీలకు రూ.10.30, మల్టీ యాక్సిల్ లారీలకు రూ.9.30 ఖాయమైంది. అంతకు ముందున్న రేట్ల కంటే అది తక్కువ. వెనక బలమైన యూనియన్లు ఉన్నవారి పరిస్థితే అది. ఒంటరి ఓనర్‌కు ఒకే పార్టీ ఉంటే బేరమాడే శక్తి అసలుండదు.

ఒక్క లారీకి రెండు మూడు పార్టీలు చాలు. ఒకరి సీజన్ అయిపోయాక మరొకరిది మొదలయ్యేలా ఉంటే ఇంకా మేలు. మిగిలిన రోజులకు బ్రోకర్‌తో సంబంధం చెడగొట్టుకోకూడదు. మొదట నెలలో ఒక ట్రిప్పు నేరుగా వేసి, ఆ డబ్బు ఏ రోజుకు చేతికొచ్చిందో చూసి, తర్వాత రెండో ట్రిప్పుకు వెళ్లడమే సురక్షితం.

ఇద్దరు పార్టీలు ఒకేరోజు బండి అడిగితే? లేదా బండి షెడ్డులో ఉంటే? మధ్యవర్తి చేసే ‘బదులు బండి’ పనికి ఒక్కడి దగ్గర జవాబు లేదు. అదే దారిలో తిరిగే నమ్మకస్తులైన నలుగురైదుగురు ఓనర్లు ఒకరి లోడు ఒకరు మోస్తామని, ఒకరి పార్టీని ఒకరు తీసుకోమని మాట అనుకుంటే జవాబు దొరుకుతుంది. మొదటి కొన్ని ట్రిప్పులకు కావాల్సిన డీజిల్ పెట్టుబడిని కూడా అందరూ కలిసి చిట్టీలా సమకూర్చుకోవచ్చు.

కర్ణాటకలోని గదగ్‌లో 1976లో విజయ్ సంకేశ్వర్ ఒక్క లారీతో మొదలుపెట్టిన వ్యాపారమే నేటి వీఆర్ఎల్ లాజిస్టిక్స్. అందరూ అంత దూరం వెళ్లరు, వెళ్లాల్సిన పనీ లేదు. వేళకు లోడు చేసి, వేళకు దించుకుని, 45 రోజుల్లోపు డబ్బిచ్చే ఇద్దరు పార్టీలు, ఖాళీగా రాకుండా తిరుగు ప్రయాణానికి మరొకరు ఉంటే ఒక లారీ వాయిదాలు తప్పకుండా సాగుతాయి, ఇల్లు గడుస్తుంది.